అంగడిలో ఇంగ్లీషు మాటలు

గత మాసంలో మా కేంద్రానికి వచ్చిన ఉత్తరాలలో ఒకటి నా బల్లమీద చాలా దినాలు నిలిచిపోయినది. గుంటూరు జిల్లానుండి ఒక గృహిణి వ్రాసిన ఉత్తరమది. ఆమె ఇంటికి పిండి రుబ్బే గ్రైండరు ఒకటి కొన్నారు. అంగడి గుమ్మానికి కట్టిన గుడ్డమీద "అయిదేండ్ల గ్యారంటీ" అని పెద్ద అక్షరాలతో ఉన్నదట. కొట్టులోని కుర్రవాడు కూడ నోటితో అదే మాట చెప్పినాడట. రెండవ సంవత్సరంలో యంత్రం ఆగిపోయినది. దానిని ఆటోలో పెట్టుకొని వెళ్ళితే యజమాని పెట్టెలోని అట్టముక్క తిప్పి చూపించి, "అమ్మా, ఇది గ్యారంటీ కాదు, వారంటీ. అది కూడ మోటారుకే. మీకు చెడినది మోటారు కాదు, గేరు" అన్నాడట. ఉత్తరం చివర ఆమె ఇట్లా వ్రాసినారు: "అయ్యా, నేను బి.ఏ. చదివినదానను. అయినా ఈ రెండు మాటలకు తేడా నాకు తెలియలేదు. తెలియనందుకు మూడు వేలు ఖర్చు కానున్నది. మీకు తెలిస్తే రేడియోలో చెప్పండి."

నాలుగు వాక్యాలలో జవాబు చెప్పి ఊరుకోవచ్చునని మొదట అనుకొన్నాను. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టం పుచ్చుకొన్నవాడను కదా అని నిఘంటువు తెరిచినాను. అది ఒక అర్థం చెప్పినది. వకీలుగా ఉన్న మా బావగారి ఇంట చట్టాల పుస్తకం తెరిస్తే అది మరొక అర్థం చెప్పినది. బజారుకు పోయి ఇద్దరు ముగ్గురు వర్తకులను అడిగితే వారు చెప్పినది మూడవ అర్థం. మాట ఒక్కటే, కాపురం మూడు ఇండ్లలో. మన బజారులో తిరిగే ఇంగ్లీషు మాటలు చాలవరకు ఇటువంటివే. వస్తువు కొనేనాడు మనకు ఒక ఇంటి అర్థం వినిపిస్తుంది. వస్తువు చెడిననాడు వర్తకుడు మరొక ఇంటి అర్థం చూపిస్తాడు.

గ్యారంటీ, వారంటీ అనేవి పుట్టుకలో ఒకే మాట. జర్మానిక్ భాషల నుండి ఫ్రెంచిలోకి పోయిన ఒక పదం ఉత్తర ఫ్రాన్సువారి నోట 'వ'కారంతోను, మధ్య ఫ్రాన్సువారి నోట 'గ'కారంతోను పలికినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట వారి వెంట మొదటి రూపం ఇంగ్లీషులో ప్రవేశించినది. రెండవ రూపం తరువాతి శతాబ్దాలలో వచ్చి చేరినది. వార్డెన్, గార్డియన్ అనే మాటలు కూడ ఇటువంటి జంటయే. హాస్టలుకు వార్డెను, తండ్రి లేని పసివానికి గార్డియను. ఇద్దరి పనీ కాపాడడమే. పోలీసువారు తెచ్చే వారంటు సైతం ఈ కుటుంబంలోనిదే. "ఈ పనికి నేను పూచీ" అని అధికారి వ్రాసి ఇచ్చినది వారంటు. "ఈ సరుకుకు నేను పూచీ" అని వర్తకుడు వ్రాసి ఇచ్చినది వారంటీ. పూచీ అన్న మన పాత మాట ఈ రెంటికీ చక్కగా సరిపోతుంది. ఎందుకో మనం దానిని బాకీల పత్రాలకు మాత్రమే మిగిల్చినాము.

ఇక చట్టం సంగతి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో గ్యారంటీ అన్న మాటకు నిర్వచనం 126వ సెక్షనులో ఉన్నది. ఒకడు అప్పు తీసుకొని తీర్చకపోతే వానికి బదులు నేను తీరుస్తానని మరొకడు ఒప్పుకోవడమే గ్యారంటీ. అంటే మనం జామీను అనేది. అందులో అప్పిచ్చినవాడు, తీసుకొన్నవాడు, హామీ ఉన్నవాడు అని ముగ్గురు మనుషులు ఉండాలి. మన గ్రైండరు బేరంలో ఉన్నది ఇద్దరే. తన సరుకుకు తానే ఇచ్చే మాటకు ఆ చట్టం ప్రకారం గ్యారంటీ అన్న పేరు చెల్లదు. సరుకుల అమ్మకానికి వేరే చట్టం ఉన్నది, 1930 నాటిది. అందులో అమ్మేవాడు ఇచ్చే మాటలను రెండు విధాలుగా విభజించినారు. బేరానికి ప్రాణమైన మాట 'కండిషను'. ప్రక్కనుండే మాట 'వారంటీ'. కండిషను తప్పితే కొన్నవాడు బేరమే రద్దు చేయవచ్చును. వారంటీ తప్పితే నష్టపరిహారం అడగవచ్చును గాని, ఆ కారణంగా సరుకు తిరగగొట్టడానికి వీలులేదు. ఇంత గొప్పగా వినిపించే వారంటీ చట్టం దృష్టిలో రెండవ తరగతి హామీ.

ఇక్కడ ఒక వింత ఉన్నది. ప్రకటన అడుగున ఒక చుక్క గుర్తు పెట్టి, చీమతలంత అక్షరాలతో "కండిషన్స్ అప్లై" అని వేస్తారు, తెలుగులో "షరతులు వర్తిస్తాయి." అమ్మకాల చట్టంలో కండిషను కొనేవానిని కాపాడే ఆయుధం. ప్రకటనలో అదే మాట కొనేవాని కాళ్ళకు వేసిన బంధం. ఒక అక్షరం మారలేదు. మారినదల్లా ఆ మాట ఎవరి చేతిలో ఉన్నదన్నదే.

బజారువారి అర్థం ఇంతకంటె సులభం. "గ్యారంటీ అంటే వస్తువు మార్చి ఇస్తాము, వారంటీ అంటే బాగుచేసి ఇస్తాము" అని నాకు చెప్పినారు. మన దేశపు అంగళ్ళలో ఈ భేదం ఆచారంగా స్థిరపడినది. దానిని తప్పు అనను. అయితే అది ఆచారమే గాని శాసనం కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ రెండు మాటలను జంటగా ప్రక్కప్రక్కన వాడినది. వస్తువు పనితనాన్ని గురించి, మన్నికను గురించి తగిన పరీక్ష లేకుండ వారంటీ గాని గ్యారంటీ గాని ఇవ్వడం అక్రమ వ్యాపార పద్ధతి అన్నది. పరీక్ష చేసినామని ఎవరైనా వాదిస్తే ఆ సంగతి ఋజువు చేయవలసిన భారం వారిమీదనే పెట్టినది. కాబట్టి అట్టముక్కమీద తలకట్టుగా ఏ పేరు ఉన్నదన్నది ముఖ్యం కాదు. దాని క్రింద ఏ భాగానికి, ఎంత కాలానికి, ఎవరి ఖర్చుతో అన్న మూడు సంగతులు ఏమని వ్రాసి ఉన్నాయో అదే ముఖ్యం.

పూచీని చెప్పే మాట పొగడ్తను చెప్పే మాటగా మారిపోవడం ఈ రెంటితో ఆగలేదు. 'ఆఫరు' అన్న మాట చూడండి. పండుగ వచ్చినదంటే ఊరినిండ ఆఫర్లే. తెలుగులో ఇప్పుడు ఆఫరు అంటే ధర తగ్గింపు అనే అర్థం. ఇంగ్లీషులో ఆఫరు అంటే ఇవ్వజూపడం. చట్టంలో దానికి ఇంకా గట్టి అర్థం ఉన్నది: "ఈ షరతులకు నీవు సరే అంటే నేను కట్టుబడతాను" అని చెప్పడం. ఎదుటివాడు సరే అన్న క్షణంలో ఒప్పందం ముడిపడుతుంది.

మరి అంగడి అద్దాల వెనుక ధర చీటీ కట్టి పెట్టిన వస్తువు చట్టరీత్యా ఆఫరేనా? కాదు. 1953లో ఇంగ్లండులో బూట్స్ అనే మందుల కంపెనీ వ్యాజ్యంలో ఈ సంగతి తేలినది. కొనేవారు తమంతట తామే బల్లలమీది సరుకు తీసుకొని పోయి డబ్బు చెల్లించే పద్ధతి అప్పుడే వస్తున్నది. సరుకును బల్లమీద పెట్టడం బేరానికి పిలుపు మాత్రమేననీ, డబ్బు పెట్టె దగ్గరకు తీసుకొని పోయి కొనేవాడు అడిగినదే ఆఫరు అనీ న్యాయమూర్తులు చెప్పినారు. అంటే అంగడిలో ఆఫరు ఇచ్చేది వర్తకుడు కాదు, మనమే. వర్తకుడు ఒప్పుకోవచ్చును, ఒప్పుకోకపోవచ్చును. ఇంగ్లండులో వెలసిన ఈ సూత్రాన్ని మన దేశపు న్యాయకళాశాలలలో నేటికీ బోధిస్తున్నారు.

దీనికి ఎదురుగా నిలిచిన వ్యాజ్యం ఒకటి ఉన్నది. అది అరవై ఏండ్లు పాతది. దాని కథ తెలుసుకోదగినది.

1889 మొదలుకొని ఐరోపాలో ఇన్‌ఫ్లుయెంజా జ్వరాలు విజృంభించినాయి. లండనులో ఒక కంపెనీ 'కార్బాలిక్ స్మోక్ బాల్' అనే సాధనాన్ని అమ్మకానికి తెచ్చినది. అది ఒక రబ్బరు బంతి. లోపల కార్బాలిక్ ఆమ్లం కలిపిన పొడి, పైన గొట్టం. గొట్టాన్ని ముక్కుకు ఆనించి బంతిని నొక్కితే పొడి పొగవలె ముక్కులోకి పోతుంది. 1891 నవంబరులో ఆ కంపెనీ పత్రికలలో ప్రకటన వేసినది. ఈ బంతిని దినానికి మూడుసార్ల చొప్పున రెండు వారాలు సూచనల ప్రకారం వాడిన పిమ్మట కూడ ఎవరికైనా ఇన్‌ఫ్లుయెంజా వస్తే వారికి 100 పౌనులు ఇస్తామన్నది. మా మాట నిజమని చూపడానికి అలయన్స్ బ్యాంకులో 1000 పౌనులు నిలువ వేసినామని కూడ చెప్పినది. కార్లిల్ అనే ఇల్లాలు ఆ ప్రకటన చదివి ఒక బంతి కొన్నది. చెప్పిన ప్రకారం వాడినది. 1892 జనవరి 17న ఆమెకు జ్వరం పట్టుకొన్నది.

ఆమె డబ్బు అడిగినది. కంపెనీ ఇవ్వలేదు. దావా పడినది. కంపెనీ చెప్పుకొన్న వాదాలలో ముఖ్యమైనది ఇది: "అది ఒట్టి పఫ్, మాట కాదు."

పఫ్ అంటే ఊదడం.  వర్తకంలో సరుకును గాలితో ఉబ్బించి పొగడడానికి ఆ పేరు వచ్చినది. మనం బాకా ఊదడం అన్నట్లే. రెండు జాతులకూ ఒకే పోలిక తోచడం ముచ్చటైన సంగతి. షెరిడన్ అనే నాటకకర్త 1779లో 'ది క్రిటిక్' అనే ప్రహసనంలో మిస్టర్ పఫ్ అనే పాత్రను సృష్టించి, పొగడ్తలలోని రకాలకు ఆ పాత్రచేతనే లక్షణశాస్త్రం చెప్పించినాడు. ఇంగ్లీషు చట్టం కూడ పఫ్‌ను క్షమించినది. "మా కాఫీ అమృతం" అని ఎవడైనా అంటే, అది త్రాగినవాడు చిరంజీవి కాలేదని దావా వేయడానికి వీలులేదు. విన్నవారెవరూ నమ్మరన్న ధైర్యంతో చెప్పే మాటకు పూచీ లేదని చట్టం అభిప్రాయం.

కాని ఈ వ్యాజ్యంలో న్యాయమూర్తులు కంపెనీ వాదాన్ని త్రోసివేసినారు. బ్యాంకులో వెయ్యి పౌనులు వేసినామని చెప్పినవాడు ఊరికే ఊదినాడని ఎట్లా అనుకోగలమని అడిగినారు. అది లోకమందరికీ చేసిన నిజమైన ఆఫరు అనీ, చెప్పినట్లు చేసినవారు దానిని అంగీకరించినట్లేననీ 1892 డిసెంబరులో తీర్పు చెప్పినారు. కార్లిల్ గారికి 100 పౌనులు దక్కినాయి. ఆమె ఆ పిమ్మట యాభై ఏండ్లు జీవించి, తొంబది ఆరవ ఏట 1942లో మరణించినది.

తీర్పు తరువాత ఆ కంపెనీ ఏమి చేసినదో చూడండి. బుద్ధి తెచ్చుకొని ప్రకటనలు మానివేసినదని అనుకొంటారేమో. 1893లో మరొక ప్రకటన వేసినది. ఈసారి బహుమానం 200 పౌనులు. అయితే దానిని పొందడానికి ఎన్నో నిబంధనలు జోడించినది. అవి చదివి, పాటించి, డబ్బు అడగగలిగేవాడు దాదాపు ఉండడు. "షరతులు వర్తిస్తాయి" అన్న వాక్యానికి పూర్వీకులు ఎవరని నన్ను అడిగితే ఈ రబ్బరు బంతినే చూపిస్తాను.

'ఫ్రీ' అన్న మాటను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మన పెద్దలకు కొసరు తెలుసు. అసలు కంటె కొసరు ముద్దు అన్నారు. పాలు కొలిచినవాడు చివర చెంచాడు ఎక్కువ పోస్తాడు. కూరలు తూచినవాడు రెండు మిరపకాయలు పైన వేస్తాడు. కొసరుకు ప్రకటన లేదు. అది అడిగి పుచ్చుకొనేది, ముఖం చూసి ఇచ్చేది. నేటి ఫ్రీ అట్లా కాదు. అది పెట్టెమీద అచ్చుపడి వస్తుంది, దాని ఖరీదు ఎక్కడనో లెక్కలో కలిసి ఉంటుంది. తప్పుదారి పట్టించే ప్రకటనలను అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం వారు 2022లో విడుదల చేసిన మార్గదర్శక సూత్రాలలో ఫ్రీ అన్న మాటకు హద్దులు గీసినారు. ప్రకటనకు స్పందించడానికీ, వస్తువు తెప్పించుకొనడానికీ తప్పనిసరి అయిన ఖర్చు తప్ప మరేమి చెల్లించవలసి వచ్చినా దానిని ఫ్రీ అనరాదు. ఆ సూత్రాలలోనే ఎర ప్రకటనల ప్రస్తావన కూడ ఉన్నది. గాలానికి గ్రుచ్చిన ఎరవలె, తక్కువ ధర చూపి రప్పించి, "అది అయిపోయినదండి, ఇది చూడండి" అనే పద్ధతి అది. దీనిని ఎరుగనివారు మనలో ఎవరున్నారు?

"యాభై శాతం వరకు" అన్నప్పుడు ఆ 'వరకు'ను వెదకి చదవండి. అంకె ఏనుగంత, 'వరకు' ఎలుకంత ఉంటుంది. అంగడినిండ అయిదు శాతం తగ్గించి, ఏ మూలనో ఒక వస్తువుకు మాత్రమే యాభై తగ్గించినా ఆ బోర్డు పైకి అబద్ధంగా కనబడదు. డిస్కౌంటు, రిబేటు, కమీషను అనేవి మూడు వేరు మాటలు. కొనేటప్పుడే ధరలో తగ్గించేది డిస్కౌంటు. మన వర్తకులు పూర్వం ముదరా అనేవారు. చెల్లించినదానిలోనుండి గాని, చెల్లించవలసినదానిలోనుండి గాని నియమం ప్రకారం కొంత విడిచిపెట్టేది రిబేటు. గాంధీ జయంతికి ఖాదీ భండారాలలో మనం వింటూ వచ్చిన మాట అది. బేరం కుదిర్చినవానికి ముట్టే కూలి కమీషను. కొనేవానికి కమీషను ఇస్తామని ఎవరైనా అంటే అది మాటవరుస. ఒకవేళ నిజంగానే ఇస్తే మీరు దళారీ అయినారన్నమాట.

ప్రకటనలలో సినిమా తారలు, క్రీడాకారులు కనబడి ఫలానా నూనె మంచిది, ఫలానా పొడి మంచిది అంటారు. దీనికి ఇంగ్లీషులో 'ఎండార్స్' చేయడం అని పేరు. ఈ మాటకు అసలు అర్థం వీపుమీద వ్రాయడం. లాటినులో వీపుకు దోర్సుమ్ అని పేరు. చెక్కు వెనుక సంతకం చేసి మరొకరికి ఇవ్వడాన్ని ఎండార్స్ చేయడం అంటారు. ఆ సంతకం ఊరికే పోదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం, వేరే ఒడంబడిక లేనప్పుడు, చెక్కు చెల్లకపోతే వెనుక సంతకం చేసినవాడు కూడ బాధ్యుడే. అంటే ఇది కూడ పూచీ కుటుంబంలోని మాటయే. ప్రకటనలోకి వచ్చేసరికి ముఖం మిగిలినది, సంతకం పోయినది. చాలాకాలం ఆ విధంగానే జరిగినది. 2019 చట్టం ఆ పోయిన బాధ్యతను కొంతవరకు తిరిగి తెచ్చినది. తప్పుడు ప్రకటనలో పాల్గొన్న ప్రముఖునికి పది లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా విధించడానికీ, ఏడాదిపాటు ఏ ప్రకటనలోను కనబడకుండ నిషేధించడానికీ అధికారం కల్పించినది. తాను చెప్పే సంగతి నిజమో కాదో తగినంతగా విచారించుకొన్నానని చూపగలిగినవానికి మాత్రం శిక్ష లేదు.

మా ఇంటి సంగతి కూడ చెప్పకపోతే న్యాయం కాదు. 'స్పాన్సరు' అన్నది రేడియో వల్ల లోకమంతటా పాకిన మాట. దీని మూలం లాటిను. ప్రాచీన రోములో ప్రమాణం చేసి మాట ఇచ్చేవాని క్రియ అది. తరువాత క్రైస్తవ దేవాలయాలలో పసిబిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు బిడ్డ పక్షాన ప్రమాణం చేసే పెద్దకు ఆ పేరు వచ్చినది. అమెరికాలో 1922 ఆగస్టు 28న న్యూయార్కు స్టేషను ఒకటి ఇండ్ల స్థలాల కంపెనీవారి దగ్గర రుసుము పుచ్చుకొని, వారి ఇండ్లను గురించిన ఉపన్యాసం ప్రసారం చేసినది. అక్కడినుండి కార్యక్రమానికి డబ్బు పెట్టేవాడే స్పాన్సరు అయినాడు. పగటివేళ గృహిణులు వినే ధారావాహిక నాటకాలకు సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టడంవల్లనే వాటికి 'సోప్ ఆపెరా' అన్న పేరు నిలిచినది. మన ప్రాంతాలలో 1952 నుండి రేడియో సిలోను ద్వారా ఒక టూత్‌పేస్టు కంపెనీవారి పేరుతో వచ్చిన హిందీ పాటల కార్యక్రమాన్ని జ్ఞాపకం ఉంచుకొన్న పెద్దలు ఇంకా ఉన్నారు. ఆకాశవాణిలో వ్యాపార ప్రకటనలు 1967 నవంబరు 1న వివిధ భారతిలో ఆరంభమైనాయి.

మనం స్పాన్సరును తెలుగులో 'సమర్పిస్తున్నవారు' అన్నాము. సమర్పించడం అంటే దేవునికి పూలు, పెద్దలకు కృతి ఇచ్చినట్లు వినయంతో ఇవ్వడం. సబ్బు కంపెనీవారు పాట సమర్పించినారని నేను మైకు ముందు ఎన్నిసార్లు చదివినానో లెక్కలేదు. ఆ వేళ పూలు ఎవరివి, దేవుడెవరు అన్న సందేహం నాకు తోచకపోలేదు. మా తరఫున ఒక్క మాట: పాటకు డబ్బు పెట్టినవాడు పాటకే పెట్టినాడు. అతని సరుకుకు పాట పూచీ కాదు, మేమూ కాము.

ఇంత అవిశ్వాసం నింపిన తరువాత 'బ్రాండు'ను గురించి నాలుగు మంచి మాటలు చెప్పవలసి ఉన్నది. బ్రాండు అంటే మండుతున్న కొరవి. కాల్చిన ఇనుముతో పశువుకు వేసిన వాతకు ఆ పేరు వచ్చినది. మనకు ఇది కొత్త కాదు. దేవుని పేర ముద్ర వేసి వదలిన ఎద్దును అచ్చోసిన ఆంబోతు అంటాము కదా. ఆ అచ్చు, ఈ బ్రాండు ఒకటే. పశువు తప్పిపోతే ఎవరిదో, పొరుగువాని చేను మేస్తే ఎవరిని అడగాలో ఆ వాత చెప్పేది. ఇంగ్లండులో వాణిజ్య చిహ్నాల నమోదు 1876 జనవరి 1న ఆరంభమైనప్పుడు మొదటి చిహ్నంగా ఎక్కినది బాస్ అనే బీరు కంపెనీవారి ఎర్ర త్రికోణం. చదువురాని మన పల్లెలవారు కూడ అగ్గిపెట్టెను బొమ్మ చూసి కొనేవారు. 'ఏనుగు మార్కు', 'గుర్రం మార్కు' అని తెలుగులో మార్కు అన్న మాట స్థిరపడినది అందువల్లనే. పూచీ అన్న అర్థం పూర్తిగా చెరిగిపోని మాట ఇదొకటి. పేరు చెడితే నష్టపోయేది పేరుగలవాడే.

ఒక్కొక్కప్పుడు పేరు మరీ ప్రసిద్ధమై యజమాని చేతినుండి జారిపోతుంది. కిరసనాయిలునే తీసుకోండి. కెనడా దేశపు భూగర్భ శాస్త్రజ్ఞుడు అబ్రహాం గెస్నర్ తాను తయారుచేసిన దీపపు నూనెకు, మైనం అనే అర్థంగల గ్రీకు మాటనుండి కిరోసిన్ అని పేరు కట్టి 1854లో వాణిజ్య చిహ్నంగా నమోదు చేయించినాడు. ఆ పేరు మన గుడిసెల బుడ్డిదీపాలదాకా వచ్చి కిరసనాయిలయినది. పుట్టించినవాని పేరు ఎవరికి గుర్తున్నది? యాస్పిరిన్ అనే మాటను 1921లో అమెరికా న్యాయస్థానం సాధారణ జనులకు సంబంధించినంతవరకు కంపెనీ సొత్తు కాదన్నది. 1937లో మన దేశంలో బజారుకు వచ్చిన డాల్డా తెలుగువారి నోట వనస్పతి అంతటికీ పేరు అయినది. కాగితానికి నకలు తీసే యంత్రం ఎవరిదయినా మనకు అది జిరాక్సే. ఒక మాటను జనం ఇంతగా తమది చేసుకోవడం వర్తకునికి సంబరమా, నష్టమా అన్నది వారి వకీళ్ళు తేల్చవలసిన సంగతి.

ఇక ఇంటికి తెచ్చిన బిల్లు. దాని అడుగున "ఇ. అండ్ ఓ.ఇ." అని పొడి అక్షరాలు కనబడతాయి. ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ ఎక్సెప్టెడ్ అని దాని విస్తరణ. పొరపాట్లు, విడిచిపోయినవి మినహా ఈ లెక్క సరి అని అర్థం. ఎక్సెప్టెడ్ అంటే మినహాయించినవి. చాలామంది దానిని అంగీకరించినవి అన్న అర్థంగల మాటతో పొరబడి, తప్పులన్నీ మనం ఒప్పుకొన్నట్లే కాబోలునని ఊరుకొంటున్నారు. కూడికలో తప్పు ఉంటే మీరు నిస్సంకోచంగా అడగవచ్చును. పొట్లాలమీది "ఎం.ఆర్.పి." అంటే చిల్లర అమ్మకపు గరిష్ఠ ధర, పన్నులన్నీ అందులోనే. గరిష్ఠం అన్న మాట మరువరాదు. అంతకు మించి పుచ్చుకోరాదు గాని, తక్కువకు ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అన్న వాక్యం కూడ బిల్లులమీద అచ్చవుతూనే ఉన్నది. లోపమున్న సరుకు విషయంలో ఆ మాట చెల్లదు. బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పకపోతే ముప్పది దినాలలోపల, లోపమున్న సరుకును వాపసు తీసుకొని డబ్బు ఇవ్వకపోవడం 2019 చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. అసలు బిల్లే ఇవ్వకపోవడం కూడ అంతే.

గుంటూరు జిల్లా సోదరికి నేను వ్రాసిన జవాబులో ఈ కథలేవీ వ్రాయలేదు. అట్టముక్కలో గేరు మాట ఉన్నదో లేదో చదవమన్నాను. గుమ్మానికి కట్టిన గుడ్డ ఛాయాచిత్రం ఇరుగుపొరుగున ఎవరి ఫోనులోనైనా ఉన్నదేమో వెదకమన్నాను. నోటి మాటకు విలువ లేకపోలేదు గాని, దానికి ఋజువు కావాలి. బిల్లు, అట్టముక్క దగ్గర పెట్టుకొని ముందు వర్తకునికి ఒక ఉత్తరం వ్రాసి, జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేయమన్నాను.

మొన్న ఆమెనుండి రెండవ ఉత్తరం వచ్చినది. గుడ్డ ఛాయాచిత్రం దొరికినదట. వారి ఆడబిడ్డ కొడుకు అంగడి ప్రారంభోత్సవంనాడు తీసినది, అయిదేండ్ల గ్యారంటీ అన్న అక్షరాలు అందులో స్పష్టంగా ఉన్నాయట. ఆ చిత్రం జతచేసి వ్రాసిన ఉత్తరం అందిన వారం దినాలకు వర్తకుడు గేరు మార్చి ఇచ్చినాడు. గేరుకు డబ్బు పుచ్చుకోలేదు. కాని బిల్లులో "సర్వీసు చార్జీ" అని నూట యాభై రూపాయలు వేసినాడట. సర్వీసు అంటే సేవ అని తాను చదువుకొన్నాననీ, సేవకు రుసుము ఎప్పటినుండి అనీ ఆమె అడిగినారు. ఆ మాట సంగతి వచ్చే మాసపు ప్రసంగంలో విచారిస్తాను.